పరాయి కారులో మన పిల్లల సీటు

సభకు నమస్కారం. వేసవి సెలవులకు అందరూ ఊళ్ల ప్రయాణాలు పెట్టుకుంటున్న ఈ సమయంలో, పిల్లల కారు సీట్ల గురించి, అందులోనూ వెంట తీసుకువెళ్లగల సీట్ల గురించి మాట్లాడమని మన అపార్ట్‌మెంట్ సంఘం వారు నన్ను అడిగారు. నేను వాహన విడిభాగాలను పరీక్షించే ఉద్యోగంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాడిని. అయినా ఈరోజు చెప్పబోయేదానిలో సగం తాతనయ్యాక నేర్చుకున్నదే.

మూడేళ్ల క్రితం మా అమ్మాయి న్యూజెర్సీ నుంచి పిల్లను తీసుకుని వచ్చింది. అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగి, అక్కడి నుంచి అద్దె కారులో విజయవాడ, ఏలూరు మీదుగా రాజమహేంద్రవరం చేరాలి. అమెరికాలో కొన్న మంచి సీటును అంత దూరం మోసుకొచ్చింది. కారు వచ్చింది. వెనక సీటుకు మందమైన రెక్సిన్ కవరు తొడిగి ఉంది, బెల్టు బకిళ్లు ఆ కవరు కిందే పడి ఉన్నాయి. డ్రైవరు మంచివాడే, "వెనక ఎవరూ పెట్టుకోరు సార్" అన్నాడు. కవరు ముడులు విప్పి, బకిలును బయటికి లాగి, సీటు పెట్టి బెల్టు బిగిస్తే, చెయ్యి తీయగానే బెల్టు మళ్లీ వదులైపోతున్నది. ఇలాంటివాటిని పరీక్షించడమే వృత్తిగా బతికిన నేను నలభై నిమిషాలు ఆ పార్కింగులో చెమటలు కక్కాను. సీటులో లోపం లేదు, కారులోనూ లోపం లేదు; ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పరిచయం లేదు, అంతే.

కనుక ప్రయాణపు సీటును కొనేటప్పుడు చాలామంది మొదట అడిగే "ఎంత బరువు, ఎంత చిన్నగా మడతపడుతుంది" అన్న ప్రశ్నను కాస్త వెనక్కి జరపమంటున్నాను. దానికి ముందు అడగవలసినది ఒకటి ఉంది: ముక్కూ మొహం తెలియని కారులో, చీకట్లో, నిద్ర చాలని మనిషి ఒక్కడే దీన్ని గట్టిగా బిగించగలడా? ఇంట్లో సొంత కారు సీటును ఒక్కసారి తీరిగ్గా బిగించి ఏడాదంతా వదిలేయవచ్చు. ప్రయాణపు సీటును పది రోజుల్లో ఆరు కార్లలో ఆరుసార్లు బిగించవలసి వస్తుంది, ప్రతిసారీ కొత్త బెల్టు, కొత్త బకిలు, కొత్త వాలు ఎదురవుతాయి.

అసలు సీటు దేనికి, ఒళ్లో పెట్టుకుంటే సరిపోదా అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అడుగుతారు. ఆ మాటను నేను తీసిపారేయను, ఎందుకంటే ఒడి అన్నది మనకు భద్రతకు మారుపేరు. కానీ లెక్క వేరేలా ఉంటుంది. యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నో గుద్దుకుని ఇంచుమించు అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. లోపల ఉన్న ప్రతి వస్తువూ తన బరువుకు సుమారు ఇరవై రెట్ల బలంతో ముందుకు దూసుకుపోతుంది. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టుకోవాలంటే రెండు వందల కిలోలను, అంటే ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు ఎనిమిదింటిని, రెండు చేతులతో ఆపాలి. అది కూడా రెప్పపాటు కంటే తక్కువ సమయంలో. అదే వేగాన్ని ఎత్తుగా మార్చి చెప్పాలంటే పది మీటర్ల పైనుంచి, అంటే మూడో అంతస్తు నుంచి పడినట్టు. ఇక బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకోవడం ఇంకా ప్రమాదం, అప్పుడు పెద్దవారి ఒళ్లే బిడ్డను బెల్టుకేసి నొక్కేస్తుంది.

చట్టం సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్తాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షను ప్రకారం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ భద్రపరచకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యి రూపాయలకు భయపడి ఎవరూ సీటు కొనరు, కొనవలసిన కారణం ఇందాక చెప్పిన ఎనిమిది బస్తాలు.

ఇప్పుడు వయసుల వారీగా చూద్దాం. నెలల పిల్లలతో మొదలుపెడతాను, ఎందుకంటే "మడతపెట్టే సీటు" అన్న మాట వీరికి దాదాపు పనికిరాదు. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముఖం ముందుకు పెట్టి కూర్చోబెడితే, గుద్దుకున్నప్పుడు ఒంటిని పట్టీలు ఆపుతాయి గానీ తలను ఆపేది ఏదీ ఉండదు, ఆ భారమంతా మెడ మీద పడుతుంది. వీపు ముందుకు, ముఖం వెనక్కు ఉండేలా పెడితే తల, మెడ, వెన్ను మూడూ కలిసి సీటు డొప్పలోకి ఒత్తుకుంటాయి. 1964లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు ఇలాంటి మొదటి నమూనాను తయారుచేసినప్పుడు, జెమిని వ్యోమనౌకలో వ్యోమగాములు పైకి ఎగిరే ఒత్తిడిని వీపంతటితో తట్టుకునేలా పడుకోవడాన్ని చూసి ఆ ఆలోచన అందుకున్నాడు. యూరప్‌లోని ఆర్129 అనే కొత్త ప్రమాణం కనీసం పదిహేను నెలలు నిండేదాకా వెనక్కు తిప్పే కూర్చోబెట్టాలంటుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018 నుంచి వయసు గీతనే తీసేసి, సీటు అనుమతించే ఎత్తు, బరువు దాటేదాకా వెనక్కే ఉంచమంటున్నది.

కనుక నెలల పిల్లలకు ప్రయాణపు సీటు అంటే పిడి ఉన్న మామూలు బుట్ట సీటే. మూడు నుంచి అయిదు కిలోల బరువు ఉంటుంది, మడతపడదు, దానికి క్షమాపణ చెప్పనవసరం లేదు. ఇక్కడ చాలామందికి తెలియని సౌకర్యం ఒకటి ఉంది. ఇంట్లో కారుకు బిగించి ఉంచే కింది పీట లేకుండానే, చాలా బుట్ట సీట్లను కేవలం కారు బెల్టుతో బిగించవచ్చు. ఆ పద్ధతి సీటు పక్కన బొమ్మలుగా ముద్రించి ఉంటుంది. యూరప్ పద్ధతి సీట్లలో నడుము బెల్టు బిడ్డ కాళ్ల మీదుగా, భుజం బెల్టు బుట్ట వెనకగా చుట్టుకుని వస్తాయి. చుట్టు తిరగడం వల్ల పట్టు బాగుంటుంది, కానీ కొన్ని పాత కార్లలో బెల్టు పొడవు చాలదు. ఊరికి వెళ్లే ముందు ఒకరిద్దరు స్నేహితుల కార్లలో పెట్టి చూడండి. ఒకటి మాత్రం మరువవద్దు: వెనక్కు తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎన్నడూ పెట్టకూడదు, పేలిన సంచి బుట్టనే బిడ్డ తల మీదికి గుద్దుతుంది. అలాగే బుట్ట సీటు పడక కాదు. రెండు గంటలకోసారి ఆగి, బిడ్డను బయటికి తీసి, చదునుగా పడుకోబెట్టాలి. సూర్యాపేట దగ్గర టీకి ఎలాగూ ఆగుతారు కదా.

రెండేళ్లు దాటి నాలుగేళ్ల లోపు పిల్లలు అన్నింటికంటే కష్టమైన వర్గం. బుట్టలో పట్టరు, పెద్దల బెల్టుకు ఇంకా చాలరు. రెండు భుజాలు, రెండు తుంటులు, కాళ్ల మధ్య కలిపి అయిదు పట్టీలున్న సీటే వీరికి కావాలి. ఇంట్లో వాడేవి పది కిలోలకు పైన కూడా ఉంటాయి. ప్రయాణాల కోసం తేలికగా చేసినవి కొన్ని అమెరికాలో దొరుకుతున్నాయి. వేబ్ పీకో అనే అల్యూమినియం చట్రం సీటు మూడున్నర కిలోల పైచిలుకు బరువు ఉంటుంది, మడిచి సంచిలో పెట్టి వీపున తగిలించుకోవచ్చు. పది నుంచి ఇరవై రెండున్నర కిలోల దాకా పిల్లలను ముఖం ముందుకు పెట్టి మాత్రమే కూర్చోబెట్టాలి. ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఏడాదికి ఒక్కసారి ప్రయాణించే కుటుంబం దాన్ని కొనాలని నేను అనను. ఇలాంటి సీటు మడత గొప్పదనం చూసి ఏడాది పిల్లకు కొనడం మాత్రం తప్పు, ఆ వయసులో బిడ్డకు కావలసినది వెనక్కు తిరిగిన సీటు. మాకు ఆ రాత్రి తలనొప్పి తెచ్చినది ఇలాంటి తేలిక సీటు కాదు, మామూలు అమెరికా సీటే. దాని సంగతి కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఈ సభలో కనీసం పది ఇళ్లలో పిల్లలు అమెరికా నుంచి వచ్చిపోతుంటారు.

అమెరికాలో అమ్మే కార్లలో ప్రయాణికుల బెల్టును నెమ్మదిగా చివరిదాకా లాగితే, ఒక చిన్న టకటక శబ్దంతో అది వెనక్కి మాత్రమే పోయే స్థితిలోకి మారుతుంది, ఇక ముందుకు వదులు కాదు. పిల్లల సీటు కదలకుండా పట్టుకోవడానికే ఆ ఏర్పాటు చేశారు, 1990ల మధ్య నుంచి అక్కడ అది తప్పనిసరి. మన దేశంలోనూ యూరప్‌లోనూ అమ్మే కార్ల బెల్టులు సాధారణంగా ఇలా ఉండవు. అవి హఠాత్తుగా లాగినప్పుడే బిగుసుకుంటాయి, మామూలు సమయంలో జారుతూనే ఉంటాయి. కారు బెల్టే లాక్ అవుతుందన్న నమ్మకంతో తయారైన సీటును జారే బెల్టు ఉన్న కారులో పెడితే, మేము చూసినట్టు, చెయ్యి తీయగానే వదులవుతుంది. దీనికి మూడు దారులున్నాయి. సీటు మీదే బెల్టును పట్టి నొక్కే బిగింపు మూత ఉన్న సీటును ఎంచుకోవడం మొదటిది, అదే ఉత్తమమైనది. కారులో ఐసోఫిక్స్ అనే పద్ధతి కొక్కేలకు, అంటే పిల్లల సీటును నేరుగా కారుకు తగిలించే కొక్కేలకు, అనువైన ఇనుప కడ్డీలు ఉంటే బెల్టుతో పనిలేకుండా వాటికి తగిలించడం రెండోది. అమెరికావారు లాచ్ అని పిలిచే ఏర్పాటులోనూ ఇవే కడ్డీలు, ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల ఎడంలో ఉంటాయి కనుక అక్కడి సీటు ఇక్కడి కడ్డీలకు తగులుతుంది. మన క్యాబుల్లో కడ్డీలు ఉన్నా సీటు కవరు వాటిని మింగేసి ఉంటుంది, వీపు, పీఠం కలిసే చీలికలో వేలు పెట్టి వెతకాలి. మూడోది, సీటు పుస్తకం అనుమతిస్తే, హెచ్ అక్షరంలా ఉండే లోహపు క్లిప్పును బకిలు నాలుకకు దగ్గరగా బెల్టు రెండు పొరలకూ కలిపి తొడగడం. ఆ రాత్రి మా అమ్మాయి సంచి అడుగున ఆ క్లిప్పు దొరికింది కనుకనే మేము తెల్లవారేలోపు బయలుదేరగలిగాము.

సరిగా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కరలేదు. బెల్టు పోయే దారి దగ్గర సీటును పట్టుకుని పక్కలకు, ముందుకు ఊపండి, ఒక అంగుళం కంటే కదలకూడదు. బిడ్డ పట్టీలను భుజం దగ్గర, మెడ కింది ఎముక మీద రెండు వేళ్లతో గిల్లి చూడండి, మడత చిక్కితే ఇంకా వదులే. వెనక్కు తిరిగిన బిడ్డకు భుజం పట్టీలు భుజానికి సమానంగా గానీ కింద నుంచి గానీ రావాలి, ముందుకు తిరిగిన బిడ్డకు సమానంగా గానీ పై నుంచి గానీ రావాలి. ముందుకు తిరిగే సీటుకు వెనక నుంచి ఒక పై పట్టీ ఉంటుంది, కారులో దానికి కొక్కెం ఉంటే తప్పక తగిలించండి, తల ముందుకు ఊగే దూరాన్ని అది బాగా తగ్గిస్తుంది.

నాలుగేళ్లు దాటి, పదిహేను కిలోలు దాటి, నిద్రపోయినా పక్కకు ఒరగకుండా కూర్చోగల పిల్లలకు బూస్టరు చాలు. ప్రయాణపు సీటు అన్న మాట నిజంగా అర్థవంతమయ్యేది ఇక్కడే. బూస్టరు బిడ్డను పట్టుకోదు, కారు బెల్టే పట్టుకుంటుంది, బూస్టరు పని బిడ్డను పైకి లేపి బెల్టును సరైన ఎముకల మీదికి తేవడం. పెద్దవాళ్ల తుంటి ఎముకకు ముందువైపు ఒక అంచు ఉంటుంది, నడుము బెల్టు అక్కడ ఆగుతుంది. చిన్నపిల్లల్లో ఆ అంచు ఇంకా పెరిగి ఉండదు కనుక బెల్టు జారి మెత్తని పొట్టలోకి దిగుతుంది. బయటికి గాయం కనిపించకపోయినా లోపల పేగులు దెబ్బతినేది అలాగే. గాలి ఊదే బూస్టర్లు అర కిలో దగ్గర ఉంటాయి, పాఠశాల సంచిలో పట్టేస్తాయి. బబుల్‌బమ్ అనే ఉత్తర ఐర్లండ్ వారి బూస్టరు ఆ రకమే. బిడ్డను లేపడానికి బదులు బెల్టునే కిందికి లాగి పట్టే అరచేయంత బూస్టర్లు కూడా ఉన్నాయి, మైఫోల్డ్ వాటిలో పేరున్నది. నా మటుకు నాకు, అవకాశం ఉన్నంతవరకు వీపు ఉన్న బూస్టరే నచ్చుతుంది. పక్క నుంచి దెబ్బ తగిలినప్పుడు తలకు ఆసరా అదే, రాత్రి ప్రయాణంలో నిద్రపోయిన పిల్లవాడి తల బెల్టు బయటికి ఒరిగిపోకుండా చూసేదీ అదే. యూరప్‌లో 2017 తర్వాత కొత్తగా ఆమోదించే వీపు లేని బూస్టర్లను 125 సెంటీమీటర్ల ఎత్తు, 22 కిలోల బరువు దాటిన పిల్లలకే పరిమితం చేశారు. మరొక షరతు: నడుము బెల్టు మాత్రమే ఉన్న మధ్య సీటులో ఏ బూస్టరూ పెట్టకూడదు. బూస్టరు ఎప్పుడు మానాలి అంటే ఇంచుమించు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాక. వీపు సీటుకు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి, నడుము బెల్టు తొడల పైభాగం మీద, భుజం బెల్టు మెడకు తగలకుండా భుజం మధ్యలో ఉండాలి, ప్రయాణమంతా పిల్లవాడు అలాగే కూర్చోగలగాలి. చాలామంది పిల్లలకు ఇది పదేళ్లు దాటాకే కుదురుతుంది.

ఇక కొనే దగ్గరికి వద్దాం. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు "పోర్టబుల్ కార్ సీట్" అని అమ్మే గుడ్డ సీట్లు మీరు చూసే ఉంటారు. పలచని దూది పరుపుకు నాలుగు పట్టీలు కుట్టి, కారు సీటు వీపుకు చుట్టి కట్టమంటారు. దయచేసి వాటి జోలికి వెళ్లవద్దు. ఏ ప్రమాణం చీటీ వాటి మీద ఉండదు, కుట్లు తెగితే పట్టుకునేది ఏమీ ఉండదు. నిజమైన సీటు మీద ముద్ర వెతకండి. యూరప్ ప్రమాణం ఉన్నదైతే నారింజ రంగు చీటీ మీద వృత్తంలో ఇంగ్లీషు ఈ అక్షరం, పక్కన ఆమోదించిన దేశపు సంఖ్య, ఆర్44 లేదా ఆర్129 అన్న గుర్తు ఉంటాయి. ఆర్44 బరువును బట్టి, ఆర్129 ముఖ్యంగా ఎత్తును బట్టి పిల్లలను వర్గీకరిస్తాయి. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072 కూడా ఆర్44 అడుగుజాడల్లోనే రూపొందింది. అమెరికా సీటు మీద అక్కడి ఫెడరల్ మోటారు వాహన భద్రతా ప్రమాణాలకు సరిపోతుందన్న వాక్యం ఉంటుంది. ఒక దేశపు ఆమోదం అన్ని దేశాల్లోనూ చెల్లదని గుర్తుంచుకోండి. ఇక్కడ కొన్న సీటును అమెరికా తీసుకువెళ్లి అక్కడి కారులో వాడితే చట్టం ఒప్పుకోదు. ఆస్ట్రేలియా అయితే తన ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 1754 ప్రమాణపు ముద్ర లేనిదాన్ని సాధారణంగా అంగీకరించదు. అక్కడికి వెళ్లేవారు అక్కడే కొనడమో అద్దెకు తీసుకోవడమో మేలు. దుబాయిలో బంధువులు ఉన్నవారు కూడా చూసుకోండి, ఎమిరేట్స్‌లో నాలుగేళ్ల లోపు పిల్లలకు సీటు తప్పనిసరి. పాత సీటు ఎవరైనా ప్రేమగా ఇస్తే, అది ప్రమాదంలో పడినదేమో అడగండి, అడుగున ముద్రించిన గడువు తేదీని చూడండి. చరిత్ర తెలియనిదైతే పుచ్చుకోకపోవడమే మంచిది.

విమానం సంగతి క్లుప్తంగా. కారు సీటును విమానంలో వాడాలంటే బిడ్డకు విడిగా టికెట్టు కొనాలి, సీటు మీద విమానంలో కూడా వాడవచ్చన్న ముద్ర ఉండాలి, అమెరికా సీట్ల మీద అది ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. బూస్టరు అక్కడ పనికిరాదు, విమానంలో భుజం బెల్టు ఉండదు కదా. కేర్స్ అనే పట్టీల కట్టు పది నుంచి ఇరవై కిలోల పిల్లలకు విమానం కోసం ఆమోదించినది, దిగాక దాన్ని కారులో వాడకూడదు. సీటును సామాన్లలో వేసేవారు దెబ్బ తగలకుండా మెత్తని సంచిలో పెట్టి వేయండి, తీసుకున్నాక పగుళ్లు చూడండి.

మనకే ప్రత్యేకమైన రెండు ఇబ్బందులు చెప్పి ముగిస్తాను. మొదటిది పెళ్లిళ్లు. పట్టు పరికిణీ కట్టిన పిల్లను అయిదు పట్టీల సీటులో కూర్చోబెడితే కాళ్ల మధ్య పట్టీ పరికిణీని పైకి నెట్టి, కుచ్చిళ్లన్నీ పట్టీల కింద ఉండలా చేరి, బిగించామనుకున్నది వదులుగానే మిగులుతుంది. నూలు లాగు, చొక్కా వేసి తీసుకువెళ్లి, కల్యాణ మండపం దగ్గర పరికిణీ కట్టండి. అమ్మమ్మలు ఒప్పుకోరని నాకు తెలుసు, మా ఇంట్లో కూడా ఒప్పుకోలేదు, కానీ రెండోసారికి అలవాటయింది. చలిదేశాల్లో మందపు జాకెట్లకూ ఇదే నియమం: పట్టీలు ముందు, జాకెట్టు పైన దుప్పటిలా. రెండోది ఎండ. మే నెలలో రెండు గంటలు ఎండలో నిలిపిన కారులో బకిలు లోహం బిడ్డ తొడను కాల్చేస్తుంది. దిగేటప్పుడు సీటు మీద తడి లేని తెల్ల తువ్వాలు కప్పి వెళ్లండి, ఎక్కేటప్పుడు బకిలును ముందు మీ చేత్తో తాకి చూడండి.

ఆటోలోనూ ఆర్టీసీ బస్సులోనూ ఈ సీట్లు బిగించే వీలు లేదు, దానికి నా దగ్గర సమాధానం లేదు. క్యాబు మాట్లాడేటప్పుడు మాత్రం, ఏసీ ఉందా అని అడిగినట్టే, వెనక బెల్టులు, బకిళ్లు బయటికి ఉన్నాయా అని ముందురోజే అడగండి. ఒక ఫోటో పంపమంటే చాలామంది డ్రైవర్లు పంపుతారు.

ప్రశ్నలు కింద పార్కింగులో తీసుకుంటాను. మూడు రకాల సీట్లు తెచ్చాను. ఎవరి కారు తాళాలు వారు తీసుకుని రండి, మీ కారుతో కాకుండా పక్కవాళ్ల కారుతో మొదలుపెడదాం. ముందుగా ఎవరో ఒకరు ఆ సీటు కవర్లు విప్పాలి.